పెసర వేరు బుడిపె మొక్కదా, నేలదా?

పరకాల చెల్క:
పెసర వేరుకు జొన్న గింజంత బుడిపెలు ఉంటయ్. లోపలున్న రైజోబియం, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా, నేలలోంచి వచ్చిందే. మరి దాన్ని మొక్క ఒంట్లో భాగం అనాలా, ఒంట్లోకి చొరబడ్డ నేల అనాలా? జీవికీ లోకానికీ నడుమ నిజంగనే గెట్టు ఉంటదా, అది మనం గీసుకున్న గీతేనా?

మూలకేశం:
గెట్టు ఉంది, అన్నా. వేరు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలు వదిలితే బ్యాక్టీరియా నాడ్ ఫ్యాక్టర్ అనే సంకేతం పంపుతుంది. అది సరిపోలితేనే మూలకేశం (వేరు మీది సన్నని నూగు) కొక్కెంలా వంగి బ్యాక్టీరియాను పట్టుకుంటుంది. శనగ కల్చర్ (విత్తనానికి పట్టించే రైజోబియం మందు) పెసరకు పట్టదు, కారణం ఈ పోలికే. ఆ తర్వాత మూలకేశం పైపొరే లోపలికి మడత పడి సన్నని గొట్టమవుతుంది. ఉబ్బిన బెలూన్‌ను వేలితో నొక్కి చూడండి: వేలు లోతుకు పోయినా బెలూన్ బయటే ఉంటుంది. బ్యాక్టీరియా ప్రయాణం కూడా అంతే. చివరికి కణంలోకి దిగినా మొక్క చేసిన పొర చుట్టూ ఉంటుంది, కణరసం తగలదు. ఆ పొర దాటి మాలేట్ అనే ఆహారం బ్యాక్టీరియాకు, అమ్మోనియా రూపంలో నత్రజని మొక్కకు అందుతాయి.

మానేరు ఒడ్డు:
ఆ గెట్టు కాలంతో జరుగుతుంది సార్. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు బయటి బ్యాక్టీరియానే. దాని జన్యువుల్లో ఎక్కువ భాగం పోయాయి, లేదంటే మన కణ కేంద్రకంలోకి చేరాయి. మనిషిలో దాని దగ్గర మిగిలినవి 37. అది ఇక విడిగా బతకలేదు. రైజోబియం నేలలో ఒంటరిగా బతుకుతుంది. అందుకే నా లెక్కలో మైటోకాండ్రియా మనదే, రైజోబియం ఇంకా అతిథే. అయితే బఠానీ బుడిపెలో బ్యాక్టీరియా ఉబ్బిపోయి మళ్లీ విభజన చెందే శక్తి కోల్పోతుంది, అక్కడ నా లెక్క తేలదు.

నల్లరేగడి:
కళ్లతో చూడాలంటే 30–35 రోజుల పైరును పీకకండి, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టి కడగండి. బ్లేడుతో బుడిపె కోస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైమ్‌ను ఆక్సిజన్ పాడుచేస్తుంది కాబట్టి, ఆ ప్రొటీన్ ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతుంది. దాన్ని తయారుచేసేది మొక్కే. తెల్లగా ఉంటే లేతది లేదా పనిచేయనిది. యూరియా ఎక్కువైతే మొక్క బుడిపెలే తగ్గించుకుంటుంది, అంటే తలుపు దానిచేతిలోనే ఉంది.

పప్పుధాన్యం ఎప్పుడూ వేయని చెల్కలో ఎకరా విత్తనానికి 200 గ్రాముల పెసర కల్చర్ పట్టించండి. 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడిమీద కలిపితే బ్యాక్టీరియా చస్తుంది. శిలీంధ్రనాశిని ముందు, కల్చర్ చివర. నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి.

కాయ నిండే వేళకు బుడిపె గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. అప్పుడు బ్యాక్టీరియా చుట్టూ మొక్క చేసిన పొరలు చిట్లి, బతికున్న బ్యాక్టీరియా తిరిగి మట్టిలోకి పోతుంది.