నాలుక పూస్తే అది వేడేనా? ఎన్నాళ్లు ఇంట్లో చూసుకోవచ్చు?

కొత్తపేట వాసి: నాలుగు రోజులుగా నా నాలుక కుడి అంచున రెండు పుండ్లు ఉన్నాయి. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా కనిపిస్తున్నాయి. పప్పన్నం కూడా మింగలేకపోతున్నాను. రెండు నెలల్లో ఇలా రావడం ఇది రెండోసారి. కొత్త ఆవకాయ తిని వేడి చేసిందని మా అత్తగారు అంటున్నారు. ఇంట్లో ఏం చేసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తులసికోట: మీ అత్తగారు చెప్పినదే నిజం. ఎండాకాలంలో ఆవకాయ, నిద్రలేమి, మలబద్ధకం మూడూ కలిస్తే నోరు పూయక మానదు. వారం రోజులు కారం, పులుపు మాని, పలుచని మజ్జిగ, సగ్గుబియ్యం జావ తీసుకోండి. రాత్రి పడుకునే ముందు పుండు మీద పేరిన నెయ్యి రాయండి. మా అమ్మ చేసిన మందు ఇంకొకటి ఉంది. వెలిగారాన్ని, అదే బోరాక్స్‌ను, ఇనుప గరిటెలో వేసి నిప్పుల మీద పెడితే పేలాల్లా తెల్లగా పొంగుతుంది; దానిని మెత్తగా నూరి, చిటికెడు తేనెలో రంగరించి పూస్తే రెండో రోజుకే మంట తగ్గుతుంది. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఇదే వాడుతున్నాము.

మందులకొట్టు: మజ్జిగకూ, జావకూ నాకు అభ్యంతరం లేదు, వెలిగారానికి ఉంది. పుండుపడిన చోటు నుంచీ, మింగిన ఉమ్మి ద్వారానూ అది ఒంట్లోకి చేరుతుంది. ఒకప్పుడు విదేశాలలో పసిపిల్లల పాలపీకలకు తేనె, వెలిగారం కలిపి రాసేవారు. ఆ పిల్లలకు ఫిట్స్ వచ్చినట్లు వైద్య గ్రంథాలలో నమోదై ఉంది. ఇక కారణం సంగతి. ఆవకాయ ఉన్న పుండును మండిస్తుందే తప్ప, పదేపదే పూయడానికి అదొక్కటే కారణం కాదు. నాలుక కొరుక్కోవడం, విరిగిన పంటి మొన గీసుకోవడం, బీ12, ఫోలిక్ ఆమ్లం, ఇనుము తగ్గడం, మానసిక ఒత్తిడి, కొందరికి నురగ ఎక్కువగా వచ్చే టూత్‌పేస్టులోని సోడియం లారిల్ సల్ఫేట్ కూడా కారణమవుతాయి. మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గడం మామూలే.

గోదారిగట్టు: ఉప్పునీళ్లు పుక్కిలించండి, అంతకు మించిన మందు లేదు.

తులసికోట: పసిపిల్లల ఊసు ఇక్కడ ఎవరు ఎత్తారు? అడిగినావిడకు పెళ్లయి అత్తగారు ఉన్నారు. పైగా మీరు వెలిగారాన్నీ పటికనూ ఒకటిగా చూస్తున్నట్లున్నారు. పటిక పచ్చిది పెడితే నాలుక బిగదీసుకుపోతుంది. వెలిగారం పొంగించి వాడతారు కనుక దాని గుణం మారిపోతుంది.

మందులకొట్టు: రెంటికీ తేడా నాకు తెలుసు. పొంగించినప్పుడు పోయేది అందులోని నీరు మాత్రమే, హాని చేసే బోరాన్ అనే మూలకం ఎక్కడికీ పోదు. అంటే అదే చిటికెడులో మందు మరింత చిక్కగా ఉంటుందన్నమాట.

పాతసైకిలు: బీకాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మూత్రం పచ్చగా వస్తుంది కదా, మరి ఆ మందు ఒంటికి పట్టినట్లా, పోయినట్లా?

మందులకొట్టు: ఆ రంగు అందులోని రైబోఫ్లేవిన్‌ది, అంటే బీ2 విటమిన్‌ది, ఒంటికి అక్కరలేనిది బయటకు పోతుంది, అంతే. నా కొట్టుకు వచ్చే నలుగురిలో ముగ్గురు “నోరు పూసింది, చలవ చేసే మాత్ర ఇవ్వండి” అంటారు. ఎన్నాళ్ల నుంచి అంటే చెప్పరు. వేరే ఏ మందులు వాడుతున్నారని అడిగితే “అవన్నీ మీకెందుకు” అంటారు. ఒకావిడ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని, నోరంతా పూసి, నీళ్లు కూడా తాగలేని స్థితిలో వచ్చింది. ఆమెకు ఇంట్లో వారం రోజులు కొబ్బరినీళ్లు పట్టారు, వేడి చేసిందని! ఆ ఒక్క మాటతో మన ఇళ్లలో విచారణ ముగిసిపోతుంది. మీవంటి పెద్దలే దానిని నేర్పుతున్నారు.

తులసికోట: “మీవంటి పెద్దలు” అన్నారు కనుక నేనూ చెబుతాను. నిరుడు మా మనవడి నాలుక తెల్లగా పూసింది. వాడికి ఎనిమిది నెలలు. నేను వేలికొసతో ఇంత తేనె, వెలిగారం రాస్తే, నా కోడలు చుట్టాలందరి ఎదుట వాడిని నా ఒడిలో నుంచి లాక్కుని, తడిగుడ్డతో వాడి నోరు తుడిచింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. ముగ్గురు పిల్లలను పెంచిన చేతులివి. ఆ రోజు నుంచి నేను వాడికి నీళ్లు పట్టాలన్నా అడిగి పట్టవలసి వస్తోంది. మీ చదువులన్నీ పెద్దవాళ్లను తప్పుపట్టడానికేనా?

పాతసైకిలు: పసిపిల్లల ఊసు ఎవరు ఎత్తారని తమరే కదా అడిగారు?

మందులకొట్టు: అమ్మా, అందరి ముందు లాక్కోవడం తప్పే. కాని తుడవడం సరైనదే. ఏడాది లోపు పిల్లలకు ఉత్త తేనె కూడా నాకించకూడదు, కండరాలను చచ్చుబరిచే బొట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆ తెల్లదనం తుడిస్తే పోయేది పాల పేరుకు. గట్టిగా అంటుకుని, తుడిస్తే కింద ఎర్రగా కనిపించేది శిలీంధ్రం. దానికి పిల్లల వైద్యులు చుక్కల మందు ఇస్తారు.

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం వేరే ఉంది. మా నాన్నగారికి పొగాకు కాడ దవడన పెట్టుకునే అలవాటు ఉండేది. నాలుక పక్కన చిన్న పుండు లేచింది. నొప్పి లేదు. వేడి అని అమ్మ మజ్జిగ ఇచ్చింది. నా కొట్టులోని పూత మందు, బీకాంప్లెక్స్ మాత్రలు నేనే నాలుగు నెలలు ఇచ్చాను. నొప్పి లేదు కదా అన్న ధైర్యమే మమ్మల్ని ముంచింది. చివరికి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది. సగం నాలుక తీసేశాక నా పేరులోని రకారం ఆయన నోట మళ్లీ పలకలేదు.

తులసికోట: మీ నాన్నగారి సంగతి విని మనసు కలుక్కుమంది. అయినా అందులో మజ్జిగ చేసిన నేరం ఏమిటో చెప్పండి. నేను నాలుగు నెలలు ఆగమని ఎవరికీ చెప్పలేదు, వారం అన్నాను.

మందులకొట్టు: మజ్జిగది నేరం కాదు, మేము రోజులు లెక్కపెట్టకపోవడమే నేరం. మామూలు పూత ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. రెండు వారాలు దాటినా, అంచులు గట్టిపడినా, మెడలో గడ్డ తగిలినా, నొప్పి లేకపోయినా సరే, దంతవైద్యుడికో చెవి ముక్కు గొంతు వైద్యుడికో చూపించాలి. మీరు మొదటి రోజే ఈ గడువు చెప్పి ఉంటే నాకు తగవే లేదు.

తులసికోట: మా అమ్మ పక్షం అనేది. పక్షం దాటితే వైద్యులు ఆచారి గారి దగ్గరకు తీసుకువెళ్లేది. వెలిగారం సంగతి మాత్రం నేను ఒప్పుకోను. పెద్దవాళ్లకు చిటికెడు రాస్తే ఏమీ కాదు.

గోదారిగట్టు: ఉప్పునీళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

కొత్తపేట వాసి: గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి నిన్నటి నుంచి పుక్కిలిస్తున్నాను, మంట కొంత నయం. పంటి మొన సంగతి చదివి అద్దం ముందు నోరు తెరిచి చూశాను. కింది వరుసలో కుడివైపు చివరి పన్ను ఒక మూల విరిగి ఉంది, సరిగ్గా పుండు ఉన్న చోటే నాలుకకు తగులుతోంది. శనివారం దంతవైద్యుడి దగ్గరకు వెళుతున్నాను. అత్తగారికి ఇంకా చెప్పలేదు, ఆవకాయ జాడీ మాత్రం ఆవిడ పై అటక మీదకు ఎక్కించేశారు.