ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్ సీసాల్లో ఎప్పుడు పోయాలి?

కావలి_పిల్ల:
క్రిస్మస్‌కని నల్ల ద్రాక్షతో జాడీలో వైన్ పెట్టుండాం. బుడగలు బాగా తగ్గిపోయినాయి, పైన తేటగా ఉంది, మడ్డి అడుగుకి దిగింది. పుల్లగా ఉందని మా అత్త ఇంకాస్త చక్కెర కలిపి సీసాల్లో పోసి మూత గట్టిగా బిగించేయమంటది. ఒంగోల్లో మావాళ్లకి కూడా కార్లో తీసకపోవాల. ఇప్పుడే పోసేయొచ్చా? ఖాళీ విస్కీ సీసాలు ఉండాయి, పనికొస్తాయా?

గూడూరు_నిమ్మతోట:
అమ్మా, చక్కెర కలిపి మాత్రం మూత బిగించబాకండి. బుడగలు ఆగినంత మాత్రాన పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోయినట్టు కాదు, తినేదానికి ఏం లేక పడుకోనుంటది, మళ్లీ చక్కెర పడితే లేస్తది, గ్యాస్ పోయేదానికి దారి ఉండదు. లీటరుకి 24 గ్రాములు, అంటే టీ చెంచాతో ఐదారు చెంచాల చక్కెర మూసిన సీసాలో పులిస్తే సుమారు 6 అట్మాస్ఫియర్ల ప్రెజర్ వస్తది, షాంపేన్ సీసాలో ఉండేంత! ఆ సీసా అంత మందంగా చేసేది అందుకే, విస్కీ సీసాకి ఆ బలం యాడిది? పగిలితే గాజుపెంకులు కళ్లల్లోకి కొడతాయి, ఇంట్లో పిల్లలుంటే మరీ భయం.
హైడ్రోమీటర్ అని, వైన్‌లో తేలేసి చక్కెర ఎంత మిగిలిందో చూసే గాజు గొట్టం ఆన్‌లైన్‌లో దొరుకుద్ది. దాని రీడింగ్ 0.995 దగ్గరికి దిగి, వారం తర్వాత చూసినా కదలకపోతే అప్పుడు పోయండి. 1.010 దగ్గర ఆగిపోయుంటే లోపల ఇంకా చక్కెర మిగిలుందనే. తీపి కావాలంటే తాగేటప్పుడు గ్లాసులో కలుపుకోండి.

కందుకూరోడు:
పైన చెప్పింది కరెక్ట్. జాడీని ఒంపబాకండి, మడ్డంతా లేస్తది. జాడీ బల్ల మీద పెట్టి సన్న ఫుడ్ గ్రేడ్ పైపు మడ్డికి తగలకుండా ఉంచి కిందున్న సీసాలోకి దించండి, పైపు కొస సీసా అడుగుదాకా పోవాల, పైనుంచి ధారగా పోస్తే గాలి కలిసి వైన్ పాడైపోద్ది. విస్కీ సీసాలు చాలావాటికి మూతిలో ప్లాస్టిక్ గోళీ ఉంటది, అది పీకకపోతే పైపు దిగదు.

ఉదయగిరి_కొండ:
సీసాల సంగతి సరే, లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే మన ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఇంట్లోకే కదా అంటే కుదరదు. హైవే మీద కార్లో అసలు వద్దు. 1992లో దూబగుంట ఆడోళ్లు సారా మీద లేచిన జిల్లా మనది, ఇంట్లో తయారీ అంటే నచ్చనోళ్లు ఇప్పటికీ ఉండారు. ఒంగోలుకి పులవని ద్రాక్షరసం తీసకపోండి, పిల్లలు కూడా తాగుతారు.

కావలి_పిల్ల:
చట్టం సంగతి మాకు ఎవురూ చెప్పలా అన్నా, థ్యాంక్స్. ఒంగోలుకి రసమే తీసకపోతాం. అది పులవకుండా ఉండాలంటే ఎట్ట?

గూడూరు_నిమ్మతోట:
వడకట్టి 85 డిగ్రీల దాకా వేడిచేయండి, మరగనీబాకండి, రుచి పోతది. వేడినీళ్లలో ఉంచిన సీసాల్లో ఆ వేడిమీదే మూతిదాకా నింపి మూత పెట్టి, సీసా ఐదు నిమిషాలు పక్కకి పడుకోబెట్టండి, మూత లోపలికి కూడా ఆ వేడి తగలాల. చల్లటి సీసాలో వేడి రసం పోస్తే టప్పున పగులుద్ది. చల్లారినాక ఫ్రిజ్‌లో పెట్టండి, కార్లో పోయేటప్పుడు ఐస్ డబ్బాలో.