సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి): “ఓడినతడె గద్దె నొందెఁ జూడు”

నిర్వాహకుడు: 1824 అమెరికా అధ్యక్ష ఎన్నిక గురించి చదువుతుంటే తట్టిన పాదం. ఒకే పార్టీవాళ్లు నలుగురు నిలబడ్డారు. జాక్సన్‌కు 99 ఎలక్టర్ల (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ల) ఓట్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, క్లేకు 37. గెలవాలంటే సగం దాటాలి, అంటే 131. పురాణాల్లోకి పారిపోకండి, ఆ నలుగురి మీదే రాయండి.

గోదారిగట్టు:
జాక్సనునకు నోట్లు జాస్తియే యైనను
సగము లేక తగవు సభకుఁ జేరె
క్లే కలిపిన చేయి గెలిపించె నాడమ్సు
నోడినతడె గద్దె నొందెఁ జూడు

పెన్నాతీరం: అన్నగారూ, ‘జాక్సనునకు నోట్లు’... ఓట్లా, కరెన్సీ నోట్లా? కాగితపు డబ్బంటే గిట్టని మనిషాయన. 1832లో జాతీయ బ్యాంకు బిల్లునే వీటో చేశాడు. పాపం, ఇవాళ 20 డాలర్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే! తెలిసి రాసుంటే దండం. సంధి వల్ల అలా పడి ఉంటే సంధికి దండం.

గోదారిగట్టు: తెలిసే రాశాను. మీరు చెప్పాక తెలిసిందని మాత్రం ఒప్పుకోను.

పెన్నాతీరం: సరే, నాది. ఇక్కడ ఓడినవాడు జాక్సనే, ఏడాది 1828.
బేరమనుచు నరచి పేదలఁ గూడించి
నాలుగేండ్ల పిదప నడుము కట్టి
నాడు గెలిచినట్టి యాడమ్సు నోడించి
యోడినతడె గద్దె నొందెఁ జూడు

కృష్ణాతరంగం: భలే తిప్పారు! 178–83 ఎలక్టర్ల ఓట్లతో బదులు తీర్చుకున్నాడు కదా. కానీ మూడో పాదంలో నా–యా యతి కుదిరిందా?

గోదారిగట్టు: ఉగాది సమస్యలో నాకు ఒక్క లఘువు ఎక్కువైతే పదిరోజులు దండోరా వేశారు. వారికి మాత్రం యతి అక్కర్లేదు.

నిర్వాహకుడు: ‘నాడు’ తీసి ‘యపుడు’ పెడితే సరి. ఉగాది గొడవ ఇక్కడొద్దు.

పెన్నాతీరం: సవరించాను. మరి అన్నగారి ‘ఓట్లు జాస్తి’? 24 రాష్ట్రాల్లో 6 చోట్ల ఎలక్టర్లను ఎంచుకున్నది శాసనసభలే. అక్కడ జనం ఓటే వెయ్యలేదు.

గోదారిగట్టు: జనం ఓట్లని నేనెక్కడన్నాను?

కృష్ణాతరంగం: నన్ను పట్టుకున్నది ‘సగము లేక తగవు’. ప్రతినిధుల సభలో రాష్ట్రానికి ఒకటే ఓటు: ఆడమ్స్‌కు 13, జాక్సన్‌కు 7, క్రాఫర్డ్‌కు 4. ఆ తర్వాత అధ్యక్షుణ్ణి తేల్చే పని ఆ సభకు మళ్లీ పడలేదు గానీ, నియమం అలాగే ఉంది. రేపెవరికీ సగం దాటకపోతే అంత జనమున్న కాలిఫోర్నియాకూ ఒకటే, కొద్దిమందే ఉన్న వయోమింగ్‌కూ ఒకటే. ఇక క్లే! మొదటి ముగ్గురికే అవకాశం అన్న 12వ సవరణ వల్ల తను పోటీలో లేడు, సభాపతి మాత్రం తనే. ఆడమ్స్‌ను గెలిపించి విదేశాంగ మంత్రి అయ్యాడు. ‘బేరం’ మచ్చ వదల్లేదు, 1832లోనూ 1844లోనూ ఓడాడు. ఆయన మీద ఎవరూ రాయరా?

గోదారిగట్టు: రాస్తా. ముందు ఆ ఉగాది లఘువు సంగతి తేలనీండి.