ఫిజీ, సమోవా, టోంగా రగ్బీ ప్లేయర్లు అన్ని దేశాల టీముల్లోనూ ఉంటారు, మరి వాళ్ళ సొంత టీములు ఎందుకు నిలబడట్లేదు?

పెదవాల్తేరు_కుర్రోడు:
అందరికీ నమస్తే. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు కదా, హైదరాబాద్ హీరోస్ ఉందని చూడ్డం మొదలెట్టా, ఇప్పుడు యూట్యూబ్‌లో పాత మ్యాచ్‌లు కూడా లాగించేస్తున్నా. నా డౌట్ ఏంటంటే న్యూజిలాండ్ టీమ్ చూసినా, ఆస్ట్రేలియా చూసినా, ఆఖరికి ఫ్రాన్స్ చూసినా అందులో ఫిజీ, సమోవా, టోంగా మూలాలున్నోళ్ళు కనిపిస్తారు. టోంగా జనాభా లక్ష చిల్లర అంట, మన గాజువాకలోనే అంతకంటే ఎక్కువ ఉంటారు! సమోవా రెండు లక్షల పైన, ఫిజీ అంతా కలిపి తొమ్మిది లక్షలు. ఇంత టాలెంట్ పెట్టుకుని 15 మంది ఆటలో ఈ మూడింట్లో ఒక్కటీ వరల్డ్ కప్ సెమీస్ ముఖం చూళ్ళేదు. అంతా డబ్బేనా, ఇంకేదైనా ఉందా? తెలిసినోళ్ళు చెప్పండి గురూ.

డాల్ఫిన్స్‌నోస్:
మర్చంట్ నేవీలో ఉన్నప్పుడు ఫిజీలో సువా, లౌటోకా పోర్టులకి వెళ్ళేవాడిని. సాయంత్రమైతే ఖాళీ జాగా ఉన్నచోటల్లా పిల్లలు రగ్బీయే, బంతి లేకపోతే ప్లాస్టిక్ సీసా పట్టుకుని పరిగెడతారు. అక్కడ గిర్మిట్ (తెల్లోళ్ళ కూలి ఒప్పందం) కాలంలో మన వైజాగ్, గోదావరి వైపు నుంచి చెరుకు తోటలకి వెళ్ళినోళ్ళ మనవలు ఉన్నారు కదా, వాళ్ళకి మాత్రం ఫుట్‌బాల్ పిచ్చి, రగ్బీ ఎక్కువగా ఐతౌకే వాళ్ళ, అంటే ఫిజీ మూలవాసుల ఆట. అంటే ఆ తొమ్మిది లక్షల్లో కూడా అందరూ రగ్బీ ఆడరన్నమాట, అది కూడా లెక్కేసుకో తమ్ముడూ.
డబ్బు సంగతంటావా, టోంగాలో దేశం ఆదాయంతో పోలిస్తే బయటి నుంచి ఇళ్ళకి పంపే డబ్బే 40 శాతం దాకా ఉంటుంది. ఒకడు ఫ్రాన్స్‌లో కాంట్రాక్ట్ కొట్టాడంటే తమ్ముళ్ళ చదువు, ఇల్లు, చర్చికి చందా అన్నీ వాడి మీదే. అలాంటోడిని దేశం కోసం ఉండిపోరా అనడానికి మనకి నోరెలా వస్తుంది?

ఏయూగ్రౌండ్_మాస్టారు:
పై ఆయన చెప్పింది కరెక్టే కానీ అసలు తంటా రూల్సులో ఉంది, అది ఎవరూ మాట్లాడరు. ఫ్రాన్స్ లీగ్‌లో జిఫ్ అని ఒక నిబంధన ఉంది, క్లబ్బు దింపే టీములో ఫ్రాన్స్‌లో తయారైన ప్లేయర్లు సగటున ఇంతమంది ఉండాలని. వాళ్ళ కుర్రాళ్ళని కాపాడుకోడానికే పెట్టారు, కానీ ఆ లెక్కలోకి రావాలంటే ఫ్రాన్స్‌లో పుట్టక్కర్లేదు, కుర్ర వయసులో అక్కడి అకాడమీలో మూడేళ్ళు ఉంటే చాలు. దాంతో క్లబ్బులు ఏం చేశాయి, పాతికేళ్ళ స్టార్‌ని కొనే బదులు పద్దెనిమిదేళ్ళ కుర్రాడినే తీస్కెళ్ళిపోతే పోలా అనుకున్నాయి. క్లెర్మాంట్ క్లబ్బైతే ఫిజీలో నద్రోగా దగ్గర ఏకంగా అకాడమీయే పెట్టింది. నకైటాచి, రాకా అనే ఫిజీ కుర్రాళ్ళు ఇద్దరూ ఆ దారిలో వెళ్ళినోళ్ళే, ఇద్దరూ చివరికి ఫ్రాన్స్ జెర్సీ వేసుకున్నారు.
పోనీ వెళ్ళినోడు ఫిజీకే ఆడతానన్నాడనుకో, ఇంటర్నేషనల్ విండోలో (దేశాల మ్యాచ్‌లకి కేటాయించిన రోజుల్లో) క్లబ్బు వదలాలని రూల్ ఉంది, కాగితం మీద. కాంట్రాక్ట్ రెన్యూవల్ ముందు "వెళ్తావా, వెళ్ళు" అని మేనేజర్ అనే తీరులోనే కుర్రాడికి అర్థమైపోతుంది, వాడే గాయమైందని చెప్పి ఆగిపోతాడు.
ఇక గేట్ మనీ. టెస్ట్ మ్యాచ్ ఎవరి గ్రౌండ్‌లో జరిగితే టికెట్ల డబ్బు వాళ్ళకే. 2017లో లండన్‌లోని ట్విక్నమ్ స్టేడియంలో ఇంగ్లండ్-సమోవా మ్యాచ్ అప్పుడు ఇంగ్లండ్ ప్లేయర్‌కి మ్యాచ్ ఫీజు సుమారు 22,000 పౌండ్లు, సమోవా వాడికి 650 అని పేపర్లన్నీ రాశాయి. అంతకు కొన్ని వారాల ముందే సమోవా యూనియన్ దివాలా తీసిందని ఆ దేశం ప్రధానే చెప్పాడు. స్టేడియం పట్టేదేమో 82,000 మంది! పెద్ద టీములు ద్వీపాలకి వస్తాయా అంటే, ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ టీమ్) మొదటిసారి సమోవా రాజధాని అపియాలో టెస్ట్ ఆడింది 2015లో. అన్నేళ్ళూ సమోవా నెత్తురు తమ టీములో పెట్టుకుని కూడా.

ఆక్లాండ్_మరదలు:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా గాని న్యూజిలాండ్ విషయంలో "ఎత్తుకుపోయారు" అన్నట్టు మాట్లాడ్డం కొంచెం అన్యాయం అండీ. మేం ఇక్కడ సౌత్ ఆక్లాండ్‌లో ఉంటాం, మా వీధిలో సగం మంది సమోవా, టోంగా వాళ్ళే, వాళ్ళ తాతలు ఫ్యాక్టరీ పనులకి వచ్చారు, పిల్లలు ఇక్కడే పుట్టారు ఇక్కడే స్కూల్లో ఆట నేర్చుకున్నారు. వాడు ఆల్ బ్లాక్స్‌కి ఆడితే దొంగతనం ఎలా అవుద్ది? నిజానికి ఇప్పుడు రివర్స్‌లో సమోవా, టోంగా టీములే ఇక్కడ పుట్టి పెరిగినోళ్ళతో నడుస్తున్నాయి. 2022 నుంచి రూల్ కూడా మారింది, ఒక దేశానికి ఆడినోడు మూడేళ్ళు ఇంటర్నేషనల్ ఆడకుండా ఉంటే తను గానీ అమ్మానాన్నలు గానీ తాతలు గానీ పుట్టిన దేశానికి మారొచ్చు. పియుటౌ, ఫెకిటోవా ఆల్ బ్లాక్స్ నుంచి, ఫోలావు ఆస్ట్రేలియా నుంచి అలాగే టోంగాకి వచ్చారు.

ఏయూగ్రౌండ్_మాస్టారు:
అమ్మా, అక్కడ పుట్టినోళ్ళ మాట వేరు, అది నేనూ ఒప్పుకుంటా. నేనన్నది స్కూల్ స్కాలర్‌షిప్ పేరుతో ద్వీపాల నుంచి తీసుకెళ్ళే పిల్లల గురించి. ఇక ఆ కొత్త రూలుంది చూశారూ, మంచిదే, కానీ వచ్చేది ముప్పై దాటినోడు. వాడి బంగారం లాంటి ఏళ్ళు వేరే చోట అయిపోతాయి.

పెదవాల్తేరు_కుర్రోడు:
అయితే ఫిజీ సెవెన్స్‌లో (ఏడుగురి ఆటలో) ఎలా కుమ్ముతోంది మాస్టారూ? 2016 రియో గోల్డ్, టోక్యో గోల్డ్, 2024 పారిస్ సిల్వర్...

ఏయూగ్రౌండ్_మాస్టారు:
సెవెన్స్‌కి పన్నెండు మంది చాలు తమ్ముడూ, చాలావరకు దేశంలో ఉన్నోళ్ళతోనే నడిపేయొచ్చు. కోచ్ బెన్ రయన్ సిగటోకా ఇసుక దిబ్బల మీద పరిగెత్తించేవాడు, జిమ్ అక్కర్లేదు. (ఇది చదివి ఎవరూ భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీదకి బూట్లేసుకుని పోకండి, ఉన్నవే కరిగిపోతున్నాయి.) 15 మంది ఆటకి స్క్రమ్ (రెండు టీములూ గుంపుగా తలలు ఆనించి తోసుకునేది) కోచ్, ఫిజియో, నెలల తరబడి క్యాంపు కావాలి, అక్కడే తేలిపోతారు.
పనికొచ్చిన మందు ఒకటే కనిపిస్తోంది, ఇంట్లోనే జీతం. 2022లో ఫిజియన్ ద్రువా అనే ఫిజీ క్లబ్బు సూపర్ రగ్బీ లీగ్‌లోకి వచ్చింది, కుర్రాడు ఫిజీలోనే ఉండి ప్రొఫెషనల్‌గా ఆడొచ్చు. మరుసటేడే లౌటోకాలో న్యూజిలాండ్ క్లబ్బు క్రూసేడర్స్‌ని 25-24తో కొట్టారు, అదే ఏడు ఫిజీ ట్విక్నమ్‌లో ఇంగ్లండ్‌ని, వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియాని ఓడించింది. కలిసి వారం వారం ఆడినోళ్ళు ఎక్కువమంది ఉంటే తేడా అలా ఉంటుంది. ద్రువాతో పాటే 2022లో వచ్చిన, సమోవా, టోంగా వాళ్ళ కోసం పెట్టిన మొవానా పసిఫికా టీముని మాత్రం ఆక్లాండ్‌లో పెట్టారు, అపియాలో గానీ టోంగా రాజధాని నుకుఅలోఫాలో గానీ కాదు.

డాల్ఫిన్స్‌నోస్:
2026 నేషన్స్ ఛాంపియన్‌షిప్ పన్నెండు టీముల్లో ఫిజీ ఉంది, సమోవా, టోంగా లేవు. ఉన్న ఫిజీకి కూడా జూలై "హోమ్" మ్యాచ్‌లు కార్డిఫ్, లివర్‌పూల్, ఎడిన్‌బరోలో వేశారు. ఆ ఊళ్ళలో పెడితే టికెట్లు బాగా అమ్ముడవుతాయి, నాలుగు డబ్బులొస్తాయి, అది నిజమే అనుకో. కానీ సువాలో ఆ ప్లాస్టిక్ సీసా కుర్రాడు ఇంగ్లండ్ టీముని ఎప్పుడు చూస్తాడు మాస్టారూ?

ఏయూగ్రౌండ్_మాస్టారు:
టీవీలో. తెల్లారుజామున లేచి.