స్నిగ్ధత అంటే చిక్కదనమేనా?

మా అమ్మాయి ఇంటర్, తెలుగు మీడియం. నిన్న రాత్రి ‘స్నిగ్ధత అంటే ఏంటి నాన్నా’ అంటే ‘చిక్కదనం’ అని చెప్పేసి టీవీలో పడ్డాను. పావుగంటకి మళ్ళీ వచ్చి ‘మరి సాంద్రత?’ అంది. దానికీ చిక్కదనమే అన్నాను! ఒకటే నవ్వు. ఈ రెంటికీ విడివిడిగా వాడుక మాటలున్నాయా?

— తప్పు మీది కాదండీ, మన వంటింటిది. పాకం పట్టినా పాలు మరిగించినా, నీరు ఇగిరేకొద్దీ గరిటెడు పాకం బరువూ పెరుగుతుంది, గరిటె నుంచి జారడమూ నెమ్మదిస్తుంది. రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి ‘చిక్కబడింది’ అన్న ఒక్క మాటతో గడిచిపోయింది. ఆముదం దగ్గరే ఆ మాట బోల్తా కొడుతుంది. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు ఆముదం ఒంపి చూడండి, చెంచా అంచున సాగీ సాగీ ఎప్పటికో తెగి పడుతుంది, పడ్డాక మాత్రం హాయిగా తేలుతుంది. లీటరు 960 గ్రాముల చిల్లర, అంటే నీళ్ళకన్నా తేలికే. స్నిగ్ధత మాత్రం 25 డిగ్రీల దగ్గర నీళ్ళకి సుమారు 700 రెట్లు! పాదరసం దీనికి తిరగేసి: నీళ్ళకి 13.6 రెట్లు బరువు, స్నిగ్ధత రెండింతలు కూడా లేదు. పాత థర్మామీటరు పగిలితే గచ్చు మీద ఎలా పరిగెత్తేదో గుర్తుందా?

సాంద్రత అంటే అంత జాగాలో ఎంత సరుకు పట్టిందని. స్నిగ్ధత అంటే ద్రవంలో ఒక పొర పక్క పొర మీద జారబోతే ఎంత పట్టి లాగుతుందని. ఆముదం వెచ్చబెడితే ధారగా కారుతుంది, బరువు దాదాపు అంతే.

— అయితే ‘జిగట’ అంటే పోలా అన్నా? స్నిగ్ధ అంటే నున్నన కదా, పారనివ్వని గుణానికి ఆ పేరేంటో.

— జిగట అంటే చేతికి అంటుకునేది తమ్ముడూ, తుమ్మబంకలాగా. ఆముదం జిడ్డు. సంస్కృతంలో స్నేహం అంటే నూనె కూడా, ఆయుర్వేదంలో నెయ్యి తాగించడాన్ని స్నేహపానం అంటారు. నా లెక్కలో ఈ మాట ఆ వైపు నుంచే వచ్చింది. స్నిగ్ధతకి ఇంగ్లీషు మాట విస్కాసిటీ, దాని కథ ఇంకా తమాషా: లాటిన్‌లో విస్కమ్ అంటే మన బదనికలాగా చెట్ల మీద పెరిగే మొక్క, దాని పళ్ళతో పిట్టల్ని పట్టే బంక చేసేవాళ్ళు. నీ జిగట వాళ్ళ దారిలోదే!

— ఇప్పుడే ఆముదం పోసి చూశాం. తనకి అర్థమైంది. గ్లాసే, మూడుసార్లు తోమినా జిడ్డు వదలట్లేదు.