హాఫ్ మారథాన్ 1:58 దగ్గర ఆగిపోయింది, 1:50కి ఏం మార్చాలి?

సాగర్‌నగర్ రన్నర్:

నమస్కారం అండీ. వయసు 38, బరువు 71 కిలోలు, క్లబ్‌లో చేరి మూడేళ్ళు. 10కె (10 కి.మీ.) 53 నిమిషాలు, హాఫ్ (21.1 కి.మీ.) 1:58, అంటే గంటా 58 నిమిషాలు. రెండు సీజన్లుగా ఈ అంకెలు కదలట్లేదు. చలికాలంలో మన విశాఖ నేవీ మారథాన్‌లో హాఫ్ 1:50 లోపు చేయాలని ఉంది. చేతిలో 16 వారాలు ఉన్నాయి.

సోమ, మంగళ, గురు, శుక్రవారాలు ఆరున్నర కిలోమీటర్ల చొప్పున బీచ్ రోడ్డు మీద, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, పేస్ (కి.మీ.కి పట్టే సమయం) 5:50 నుంచి 6:00. ఆదివారం క్లబ్ వాళ్ళతో తెన్నేటి పార్కు దాటి వెళ్ళి రావడం 14 కి.మీ., అదీ 5:50లోనే. మొత్తం 40. సగం దూరానికే హార్ట్ రేట్ 160 దాటుతుంది. రేసు చివర్లో కనబడిన గరిష్ఠం 184.

మూడు వారాలుగా కుడికాలు ముందు ఎముక లోపలి అంచున, చీలమండకి జానెడు పైన నొప్పి. మొదటి రెండు కి.మీ. ఉండి తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. షూస్ 900 కి.మీ. దాటాయి.

ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ వేగంగా పరుగెత్తే ముక్కలు) మొదలుపెట్టాలా? వారానికి 60 కి.మీ.కి పెంచాలా? ఇసకలో పరుగెడితే కాళ్ళు గట్టిపడతాయంటున్నారు, అది మంచిదేనా?

వాల్తేరు అప్‌ల్యాండ్స్:

మీరు రాసిన వారంలోనే జవాబు ఉందండీ. అయిదు రోజులూ ఒకటే వేగం. 5:50 అనేది మీకు ఈజీ రన్‌కి (తేలిగ్గా చేసే పరుగు) ఎక్కువ వేగం, టెంపోకి (ఒకే గట్టి వేగంతో చేసే పరుగు) తక్కువ వేగం. గుండె, కండరాల్లోని సన్న రక్తనాళాలు, కొవ్వుని ఇంధనంగా వాడుకునే శక్తి, ఇవన్నీ ముఖ్యంగా నెమ్మదిగా ఎక్కువసేపు పరుగెడితే పెరుగుతాయి. 5:50లో అంతకంటే అదనంగా వచ్చే లాభం పెద్దగా ఉండదు, అలసట మాత్రం మర్నాటికి మిగిలిపోతుంది. ఆ అలసటతో గట్టిగా చేయాల్సిన రోజున గట్టిగా చేయలేరు.

ముందు లెక్క చూద్దాం. 10కె 53 అంటే హాఫ్‌కి 1:57 దగ్గర తేలుతుంది, మీ 1:58 దానికి సరిపోయింది. అంటే ఓపిక లోపం కాదు, అసలు స్థాయే పెరగాలి. 1:50 హాఫ్‌కి సమానమైన 10కె సుమారు 49:50. అందుకని పదో వారంలో ఒక 10కె పెట్టుకోండి. అది 50 దగ్గరికి వస్తే హాఫ్ లక్ష్యం నిజమైనదే. 51:30 దగ్గర ఉంటే ఆ రేసుకి 1:53 కోసం పరుగెత్తండి.

ఈజీ రన్ 6:30 నుంచి 6:50. హార్ట్ రేట్ 140 దాటకూడదు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మొదటి మూడు వారాలు ఇది అవమానంలా అనిపిస్తుంది, అయినా వదలొద్దు. అదే 140 దగ్గర పేస్ 6:45 నుంచి 6:25కి దిగిందంటే పని జరుగుతోందన్నమాట. వాచీలో చూసుకోవాల్సింది ఆ ఒక్క అంకె.

వారానికి ఒక్క గట్టి రోజు చాలు, తర్వాత రెండు. మొదటిది టెంపో: 2 కి.మీ. వార్మప్, 8 నిమిషాలు చొప్పున మూడుసార్లు 5:20-5:25లో, మధ్యలో 2 నిమిషాలు జాగ్, చివర 1.5 కి.మీ. నెమ్మదిగా. మూడో విడత అయ్యాక ‘ఇంకొకటి చేయగలను’ అనిపించాలి. పడిపోయేలా ఉంటే వేగం ఎక్కువైనట్టు. రెండు వారాలకొకసారి పెంచుకుంటూ 10 నిమిషాలు మూడుసార్లు, తర్వాత 15 నిమిషాలు రెండుసార్లు.

ఇంటర్వెల్స్ ఏడో వారం నుంచి: 1000 మీటర్లు అయిదుసార్లు, 4:55-5:00లో, మధ్యలో రెండున్నర నిమిషాల జాగ్. ఇక్కడ అందరూ చేసే తప్పు, మొదటిది 4:40లో కొట్టి అయిదోది 5:15లో ఈడ్చుకురావడం. అయిదూ రెండు మూడు సెకన్ల తేడాలో రావాలి. 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానం దొరికితే రెండున్నర రౌండ్లు, లేకపోతే బీచ్ రోడ్డులో చదునైన ముక్క ఎంచుకోండి.

60 వద్దు. వారానికి 3 కి.మీ. చొప్పున పెంచి 52-55 దగ్గర ఆగండి, ప్రతి నాలుగో వారం పావు వంతు తగ్గించండి. పెంచేది కూడా ముందు ఈజీ రోజుల్లోనే. లాంగ్ రన్, అంటే మీ ఆదివారం పొడవు పరుగు, 14 నుంచి మెల్లగా 19-20. ఈజీ రన్ చివర వారానికి రెండుసార్లు 20 సెకన్ల స్ట్రైడ్స్ (వేగంగా, వదులుగా పరుగెత్తే చిన్న ముక్కలు) ఆరు చేయండి, ఒక్కోదానికీ మధ్య పూర్తిగా ఊపిరి అందనివ్వాలి.

జోడుగుళ్ళపాలెం:

పై ప్లాన్ బాగుంది గానీ ఆ నొప్పితో ఈ వారం టెంపో కూడా వద్దు. ముందు ఒక పరీక్ష చేయండి. చూపుడు వేలితో ఎముక లోపలి అంచు పొడవునా నొక్కుకుంటూ రండి. అయిదారు అంగుళాల మేర సలుపుగా ఉంటే అది మామూలు షిన్ (కాలి ముందు ఎముక) నొప్పి, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్క చోట, రూపాయి బిళ్ళంత జాగాలో ప్రాణం పోయేలా ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి వచ్చినా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా పరుగు ఆపి ఆర్థో డాక్టరుకి చూపించాలి. అది ఎముకలో సన్న పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా, ఎంఆర్ఐ అవసరమా అన్నది డాక్టరునే అడగండి.

మామూలు షిన్ నొప్పే అయితే మీ విషయంలో కారణాలు రెండు కనబడుతున్నాయి. ఒకటి, 900 కి.మీ. షూస్. మిడ్‌సోల్ (షూ అడుగున మెత్తగా ఉండే పొర) 600-800 మధ్యే చచ్చిపోతుంది, పైన చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. బొటనవేలితో పక్క నుంచి నొక్కి చూడండి, అడ్డంగా ముడతలు పడి వెనక్కి లేవకపోతే దాని పని అయిపోయింది. రెండోది రోడ్డు వాలు. రోడ్డు అంచు నీళ్ళు పోవడానికి పల్లంగా ఉంటుంది. ఎదురొచ్చే బండ్లు కనబడాలని వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి అంచునే పరుగెడితే ఎప్పుడూ కుడికాలే పల్లంలో పడుతుంది, రెండు కాళ్ళ మీద భారం ఒకేలా ఉండదు. పొద్దున్నే బండ్లు ఆపేసే వేళలో ఒకే వైపు రోడ్డు మీద వెళ్ళి, అదే వైపున తిరిగి రండి. అప్పుడు వాలు రెండు కాళ్ళకీ చెరిసగం అవుతుంది.

ఇసక మాట: పొడి ఇసకలో మడమ లోపలికి దిగిపోతుంది, పిక్క, మడమ నరం సాగి నలుగుతాయి. షిన్ నొప్పి ఉన్నవాళ్ళకి అది అస్సలు పనికిరాదు. అలలు తడిపిన గట్టి ఇసక నయమే అనుకుంటారు, కానీ అది రోడ్డు కంటే ఎక్కువ వాలు. కాళ్ళు గట్టిపడాలంటే మెట్టు అంచున మునివేళ్ళ మీద లేచి దిగడం, మోకాలు నిటారుగా 15, కొంచెం వంచి 15, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు వంచి చేసేది వదలొద్దు, లోతుగా ఉండే పిక్క కండరానికి పని పడేది అందులోనే. గోడకి వీపు ఆనించి, పాదాలు అడుగు ముందుకి పెట్టి, మునివేళ్ళు పైకి లేపడం 20, రెండు విడతలు.

రెండు వారాలు దూరం 25 కి.మీ.కి తగ్గించి, అన్నీ ఈజీగా. అడుగు చిన్నది చేసి, నిమిషానికి అడుగుల లెక్క ఇప్పుడున్నదాని కంటే 5 శాతం పెంచండి: 160 ఉంటే 168. పాదం శరీరం కిందకి పడుతుంది, ఎముక మీద దెబ్బ తగ్గుతుంది.

ఉప్పుగాలి:

ఒక విషయం ఎవరూ రాయలేదు, మన ఊరి ఉక్కపోత. వానాకాలంలో తెల్లవారుజామున కూడా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చర్మానికి రక్తం మళ్ళించడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. అందుకే మీ హార్ట్ రేట్ 160 అనేది వేగం వల్ల కొంత, ఉక్క వల్ల కొంత. ఈ నెలల్లో ఈజీ రన్‌కి పేస్ చూడకండి, 140 చూడండి, అది 7:00 అయినా సరే. టెంపో పేస్‌కి కూడా కి.మీ.కి 10-15 సెకన్లు కలపండి. చల్లబడ్డాక ఆ సెకన్లు వాటంతట అవే తిరిగొస్తాయి.

గాలి దిక్కు కూడా గమనించండి. నైరుతి గాలి వీచే రోజుల్లో భీమిలి వైపు వెళ్తుంటే గాలి వెనక నుంచి వస్తుంది, మీ వేగానికి అది సమానమైపోయి ఒంటికి గాలే తగలదు. ఆ దిక్కుకే హార్ట్ రేట్ ఎగబాకుతుంది. పైగా సూర్యుడు సముద్రం మీంచి నేరుగా ముఖానికి కొడతాడు, మబ్బు లేకపోతే ఆరుంపావుకే మాడ్చేస్తుంది. గట్టి రోజున 4:45కి మొదలుపెడితే 5:45కి అయిపోతుంది.

చెమట ఎంత పోతోందో కొలవండి. పరుగుకి ముందు బట్టల్లేకుండా బరువు, గంట పరుగు అవగానే తుడుచుకుని మళ్ళీ బరువు. 1.2 కిలోలు తగ్గి, మధ్యలో 200 మి.లీ. తాగితే పోయింది 1.4 లీటర్లు. అంతా పరుగులోనే తాగక్కర్లేదు, 15-20 నిమిషాలకి 150 మి.లీ. చాలు. గంట దాటే పరుగుల్లో ఉత్త నీళ్ళు కాకుండా ఓఆర్ఎస్, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. దాహం లేకుండా లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్ళు తాగడం ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. ఇంటికొచ్చాక చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు వేసుకుంటే హాయిగా దిగుతుంది.

సాగర్‌నగర్ రన్నర్:

నొక్కి చూశానండీ, నాలుగైదు అంగుళాల మేర సలుపు, ఒక్క చోట కాదు. ఒంటికాలి గెంతు కూడా నొప్పి లేకుండా వస్తోంది. షూస్ ఈ వారమే మారుస్తాను. ఇంకో రెండు సందేహాలు. ఆదివారం క్లబ్ వాళ్ళంతా 5:50లోనే వెళ్తారు, వాళ్ళని వదిలేయాలా? రేసు రోజు ఎలా పరుగెత్తాలి?

వాల్తేరు అప్‌ల్యాండ్స్:

వదలక్కర్లేదు. గ్రూపు కంటే 20 నిమిషాలు ముందు బయల్దేరి మీ 3 కి.మీ. నెమ్మదిగా చేసుకోండి, తర్వాత వెనక వచ్చే బ్యాచ్‌తో కలవండి. ప్రతి క్లబ్‌లోనూ 6:40లో వచ్చేవాళ్ళు ఉంటారు. అసలు చిక్కు ఏమిటంటే గుంపులో ఎవరూ చెప్పకుండానే కి.మీ.కి రెండు సెకన్ల చొప్పున వేగం పెరుగుతూ పోతుంది. హార్ట్ రేట్ 140 దాటగానే వాచీ మోగేలా పెట్టుకోండి. చివరి ఆరు వారాల్లో మాత్రం రెండు ఆదివారాలకొకసారి 17 కి.మీ.లో చివరి 6 రేసు పేస్‌లో. పాండురంగాపురం డౌన్ లాంటి ఎత్తు మీద 45 సెకన్లు పైకి, నడిచి కిందకి, ఎనిమిదిసార్లు. ఇది నొప్పి పూర్తిగా పోయాక టెంపోకి బదులు రెండు వారాలకొకసారి పెట్టుకోవచ్చు.

రేసుకి పది రోజుల ముందు ఆఖరి గట్టి పరుగు. ఆ చివరి వారం దూరం సగానికి, కానీ రేసు పేస్‌లో 1 కి.మీ. చొప్పున రెండు ముక్కలు ఉంచండి, కాళ్ళు మొద్దుబారకుండా. రేసు పొద్దున, మొదలవడానికి రెండున్నర గంటల ముందు మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ లేకుండా. కొబ్బరిలో కొవ్వు కడుపులో అలాగే ఉంటుంది. 45 నిమిషాల దగ్గర ఒక ఎనర్జీ జెల్ (చక్కెర పేస్టు), 80 దగ్గర ఇంకొకటి, రెండూ నీళ్ళతోనే. లాంగ్ రన్‌లో కనీసం మూడుసార్లు తిని చూడని జెల్ రేసులో ముట్టుకోవద్దు.

పేస్ విషయంలో ఒక కిటుకు. 1:50కి లెక్క ప్రకారం 5:12 కావాలి. కానీ మలుపుల్లో బయటివైపు తిరగడం, మనుషుల్ని దాటడం వల్ల వాచీ చివరికి 21.3 చూపిస్తుంది. 5:12 చూసుకుంటూ వెళ్తే ముప్పావు నిమిషం మించిపోతారు, కాబట్టి వాచీలో 5:09 ఉండాలి. మొదటి రెండు కి.మీ. 5:20, అక్కడ పోయిన పదిహేను సెకన్ల గురించి కంగారు పడొద్దు, 10 దాటాక కి.మీ.కి రెండు సెకన్ల చొప్పున వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆటో ల్యాప్ (ప్రతి కి.మీ.కీ వాచీ తనంతట తనే సమయం పట్టడం) తీసేసి, దారి పక్కన పెట్టిన కి.మీ. బోర్డు దగ్గర మీరే ల్యాప్ బటన్ నొక్కండి. 5 దగ్గర 26:15, 10 దగ్గర 52:15, 15 దగ్గర 78:05. ఈ మూడు అంకెలు ముంజేతి మీద పెన్నుతో రాసుకోండి, చెమటకి చెరిగిపోని పెన్ను.