పట్టు పోగు వేళ్ళకు తగులుకుంటోంది: చలికాలం పగుళ్ళకు జిడ్డు అంటని ఉపాయం ఉందా?

పోచంపల్లి కోడలు:

అందరికీ నమస్కారం. అత్తగారింటికి వచ్చి 14 ఏళ్ళయింది, అప్పటి నుంచి మగ్గం పనే. ఏటా కార్తీకం దాటగానే నా వేళ్ళు పగలడం మొదలవుతుంది. ఈసారి మరీ ఎక్కువ. కుడిచేతి బొటనవేలికి గోరు పక్కన ఒక గీత, చూపుడువేలి కొసన రెండు, మధ్యవేలికి ఒకటి. బ్లేడుతో గీసినట్టు సన్నగా ఉంటాయి కానీ కారం తగిలిందంటే కళ్ళ వెంట నీళ్ళు వస్తాయి. ఎడమచేతికి దాదాపు ఏమీ లేదు.

నొప్పి సంగతి ఎలాగో ఓర్చుకుంటాను. పగులు అంచు ఎండిపోయి చిన్న ముల్లులా పైకి లేస్తుంది, అదే అసలు బాధ. పట్టు పోగును పట్టుకోగానే ఆ ముల్లు దాన్ని అందుకుంటుంది. పోగు రేగుతుంది, లేదా టప్పున తెగుతుంది. మొన్న పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, అతకడానికి కూర్చున్నాను. మగ్గం మీద మిగిలిన పాత పోగు కొసను, కొత్త పోగు కొసను కలిపి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకొని మెలిపెట్టాలి. ఒక్కొక్కటిగా వేల పోగులు. నా మామూలు వేగానికి ఒక రోజు పట్టే పని ఈసారి రెండు రోజులైంది. మధ్యలో చిటికి కట్టే పని, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టడం, కూడా నాదే. సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలను బిగించి లాగుతుంటే మానుతున్న పగులు మళ్ళీ తెరుచుకుంటుంది.

జిడ్డుగా ఏదైనా రాసుకొని మగ్గం ఎక్కలేను. రెండేళ్ళ కిందట ఒక తెల్ల అంచు మీద నా బొటనవేలి ముద్ర నూనె మచ్చగా పడింది. షావుకారు చీరను వెలుతురులో తిప్పి చూశాడు, ఒక్క మాటా అనలేదు, కూలీలో కోశాడు. అప్పటి నుంచి పగలు నూనె డబ్బా ముట్టుకోవాలంటే భయం.

మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజులు అద్భుతంగా పనిచేసింది. మానేశాక మునుపటి కంటే ఎక్కువయింది. మా ఆయనకు వేరే రకం. పట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెట్టేది ఆయనే. వేళ్ళ సందుల్లో, చేతి వెనుక ఎర్రగా పొక్కి ఉంటుంది. సంక్రాంతిలోపు రెండు చీరలు దింపాలి. తెలిసినవారు చెప్పండి.

గోదావరి గట్టు:

నిమ్మచెక్క మీద పంచదార, కాస్త ఉప్పు వేసి చేతులకు బాగా రుద్దండి. మా ఇంట్లో అందరం చేస్తాం. చేతులు నున్నగా వస్తాయి.

విశ్రాంత నర్సు:

పై సలహా పగుళ్ళు లేని చేతులకైతే సరే. తెరిచి ఉన్న పుండు మీద నిమ్మరసం, ఉప్పు రుద్దమనడం ఏమిటి బాబూ? ఒకసారి మీ వేలు కోసుకొని ప్రయత్నించి చెప్పండి.

పోచంపల్లి అమ్మాయీ, నా పెద్దకూతురి వయసు ఉంటుంది కనుక నువ్వు అనే అంటున్నాను. 31 ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను. రోజుకు అరవై డెబ్బై సార్లు చేతులు కడుక్కున్న దాన్ని, పగుళ్ళ బాధ నాకు బాగా తెలుసు.

నీ ప్రశ్నలో నాకు బాగా పనికొచ్చిన ముక్క ఒకటి ఉంది: ఎడమచేతికి ఏమీ లేదన్నావు. చలి ఒక్కటే కారణమైతే పది వేళ్ళూ పగలాలి కదా. నీకు పగిలింది మెలిపెట్టే మూడు వేళ్ళే. చలి చర్మాన్ని ఎండబెడుతోంది, బూడిద దానికి తోడవుతోంది, రబ్బరు పట్టీ లాగి చీలుస్తోంది. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది, వెనకటికి అంట్లు తోమింది దానితోనే. గిన్నె జిడ్డును వదిలించేది వేలి జిడ్డును మాత్రం ఉంచుతుందా? అరచేతిలోనూ వేళ్ళ లోపలి వైపునూ నూనె గ్రంథులు ఉండవు. ముఖానికి ఊరినట్టు అక్కడ జిడ్డు ఊరదు. పోయింది మనమే తిరిగి పెట్టాలి.

పగలు జిడ్డు పనికిరాదన్నావు. వద్దు, రాత్రి పెడదాం. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో అయిదు నిమిషాలు చేతులు ఉంచు. వేడినీళ్ళు వద్దు, హాయిగా ఉంటాయి కానీ ఉన్న కాస్త జిడ్డునూ తీసుకుపోతాయి. పగులు అంచు మెత్తబడ్డాక, గోళ్ళు రాసుకునే సన్నపు ఆకురాయితో ఆ ముల్లును మాత్రం నెమ్మదిగా అరగదీయి. గిల్లవద్దు, పళ్ళతో అసలే కొరకవద్దు. తరువాత బట్టతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే తెల్ల పెట్రోలియం జెల్లీని మందంగా పెట్టు. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు. ఎండిన చేతికి రాస్తారు. జెల్లీ తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమను బయటికి పోనివ్వకుండా మూతలా పనిచేస్తుంది. ఖాళీ కుండకు మూత పెడితే ఏం లాభం?

దాని మీద పాత నూలు సాక్సులు తొడుక్కొని పడుకో. నైలానువి వద్దు. నేను సాక్సులు తొడుక్కొని పడుకున్న మొదటి రాత్రి మా ఆయన, పొద్దున్నే చేతుల మీద నడుస్తావా అని అడిగారు.

పొద్దున లేవగానే పొడిబట్టతో తుడిచి, చెంచాడు శనగపిండితో చేతులు కడుక్కో. జిడ్డును పట్టుకుంటుంది, సోడా సబ్బులా చర్మాన్ని గీకదు. మగ్గం ఎక్కే ముందు పలుచటి తెల్ల కాగితం మీద వేలు గట్టిగా నొక్కి వెలుతురుకు పట్టి చూడు. నూనె ఉంటే ముద్ర మెరుస్తుంది. మెరవకపోతే నిశ్చింతగా కూర్చో.

పగటిపూట పగులు మీద ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపు ఒక చుట్టు వేసుకోవచ్చు. నున్నగా ఉంటుంది కనుక పోగును పట్టదు, పగులును తెరుచుకోనివ్వదు. మెలిపెట్టడానికి పట్టు తప్పుతుందేమో నాకు తెలియదు, అది నువ్వే చూసి చెప్పాలి. బూడిద తప్పదంటే, పని ఆపిన ప్రతిసారీ కడుక్కో. అన్నానికి లేచేదాకా అలాగే ఉంచుకోకు.

ఇక ఆ ట్యూబు. దాని మీద క్లోబెటసాల్ అని గానీ బీటామెథసోన్ అని గానీ ఉందేమో చదువు. అవి స్టెరాయిడ్లు. డాక్టరు చూసి, ఇన్ని రోజులు అని లెక్కచెప్పి ఇస్తే మంచి మందులే. లెక్క లేకుండా వాడితే చర్మం పలచబడుతుంది. ఉన్నది తామర అయితే ఇంకా పాకుతుంది. ఒక అరచేయి మాత్రమే పొడిపొడిగా పొట్టు రాలుతుంటే, పాదాలకు కూడా అలాగే ఉంటే తామరేమో అనుమానించాలి. నీది అలా అనిపించడం లేదు.

మీ ఆయనది మాత్రం చలి పగులు కాదు, సోడా నీళ్ళ పొక్కు. వేళ్ళ సందుల్లో రావడమే గుర్తు. లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకొని పట్టు ముట్టుకోవాలి. రబ్బరు ఒక్కటే వేస్తే చెమటకు నాని ఇంకా పాడవుతాయి. చర్మవ్యాధుల డాక్టరుకు ఒకసారి చూపించండి. మీలో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉన్నా, పగులు చుట్టూ ఎర్రగా వాచినా, చీము పట్టినా ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు.

ఎడ్మంటన్ తెలుగువాడు:

నేను కెనడాలో ఒక గోదాములో అట్టపెట్టెలు విప్పే పని చేస్తాను. జనవరిలో బయట మైనస్ 30 వరకూ పోతుంది. బయటి చలి కంటే లోపలి హీటరు గాలే ఎక్కువ ఎండబెడుతుంది. అట్ట కూడా చేతిలోని తడిని పీల్చేస్తుంది. మా దగ్గర చాలామంది పగులు మీద ఒక చుక్క ఫెవిక్విక్ లాంటి జిగురు వేసుకుంటారు. రెండు అంచులూ కలిసి, పైన గాజులా పొర కడుతుంది. నొప్పి అప్పటికప్పుడే పోతుంది. మీకైతే పోగు తగులుకోకుండా కూడా ఉంటుందేమో.

విశ్రాంత నర్సు:

ఇది వినగానే తిడతానని అనుకుంటారేమో, తిట్టను. గాయాలు అతికించడానికి ఆసుపత్రుల్లో వాడే జిగురు కూడా ఆ కుటుంబానిదే. కానీ అది చర్మం కోసం తయారైనది, బజారులో దొరికేది కాదు. బజారుది మంటపుడుతుంది, కొందరికి పడదు. లోతైన పగులులో, రక్తం కారేచోట, చీము ఉన్నచోట అసలు వేయకూడదు. ఇంకొక ముఖ్యమైన మాట నేతపని వాళ్ళకు: ఆ జిగురు తడిగా ఉండగా దూదికి గానీ నూలుబట్టకు గానీ తగిలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలే అంత. ఒలికిందని చీర కొంగుతో తుడిచేరు సుమా.

ఆదిలాబాద్ మాస్టారు:

మా జిల్లా చలి గురించి వేరే చెప్పనక్కర లేదు. దానికి తోడు సుద్దముక్క. నల్లబల్ల మీద 26 ఏళ్ళు రాశాను, నా బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ బీటలే. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, పొయ్యి పక్కన పెడితే గానీ దిగదు. 24 డిగ్రీలకు తగ్గితే అది గట్టిపడుతుంది కదా, డిసెంబరులో మా ఇంట్లో అది నూనె కాదు, వెన్న.

మా అమ్మ పద్ధతి చెబుతాను. కొబ్బరినూనె అయిదు వంతులు, తేనె మైనం ఒక వంతు, తూకంలో. గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళలో పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద కాదు. చల్లారితే లేపనంలా గట్టిపడుతుంది. మైనం ఉండడం వల్ల జారిపోకుండా పగులులో నిలుస్తుంది. నేను ఒక చెంచా ఆముదం కూడా కలుపుతాను, వాసన భరించగలిగితే. మైనం బజారులో కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, కొవ్వొత్తుల మైనం అంటగడతారు. తేనె మైనం పసుపుపచ్చగా, కాస్త తేనె వాసనతో ఉంటుంది.

కోడలుగారూ, ఒక సందేహం. అంట్లు తోమేదీ మీరేనా? మగ్గం, పొయ్యి, అంట్లు అన్నీ ఆ మూడు వేళ్ళ మీదే పడితే ఏ లేపనం ఏం చేస్తుంది?

పోచంపల్లి కోడలు:

మూడు వారాలు ఆగి రాస్తున్నాను, క్షమించండి. చీరలు దింపే తొందరలో ఫోను పట్టుకోలేదు.

ముందు ట్యూబు సంగతి. చదివాను, క్లోబెటసాల్ అనే ఉంది. పక్కన పెట్టేశాను. మానేసిన వారం చాలా దురదగా ఉంది, తరువాత తగ్గింది.

సాక్సుల వైద్యం మొదలుపెట్టాక బొటనవేలి గీత ఎనిమిదో రోజుకు మూసుకుంది. చూపుడువేలివి రెండింటిలో ఒకటి ఇంకా ఉంది. రబ్బరు పట్టీ సరిగ్గా దాని మీదే పడుతుంది, అందుకే అనుకుంటున్నాను. ఇప్పుడు పట్టీని వేలి కొసతో కాకుండా రెండో కణుపు మీద నుంచి లాగుతున్నాను. ముడి కాస్త ఆలస్యమవుతోంది.

కాగితపు టేపు గురించి నర్సమ్మగారు చూసి చెప్పమన్నారు. కండె (పేక పోగు చుట్టిన చిన్న గొట్టం) మార్చడానికి, నాడె (ఆ కండెను మోస్తూ పడుగు మధ్య అటూ ఇటూ తిరిగేది) అందుకోవడానికి బాగుంది. అతకడానికి మాత్రం పనికిరాలేదు. పోగు టేపు మీద దొర్లుతుంది కానీ మెలిపడదు. దానికి వేలి చర్మమే కావాలి. అందుకని ఈసారి అతికే పని మా తోటికోడలికి ఇచ్చి, ఆమె వాటా కండెలు నేను చుట్టాను. ఆమె వేళ్ళు ఎలా ఉంటాయో గానీ ఏ చలికీ పగలవు.

కాగితం పరీక్ష అన్నిటికంటే నచ్చింది. మొదటి రోజు శనగపిండితో కడిగాక కూడా ముద్ర మెరిసింది. రెండోసారి కడిగాక పోయింది. ఇప్పుడు మగ్గం పక్కన గోడకు పాత క్యాలెండరు కాగితాల కట్ట వేలాడుతోంది, మా అబ్బాయి వాటిని వేలిముద్రల పుస్తకం అంటున్నాడు. రెండు చీరలూ వెళ్ళాయి. షావుకారు తెల్ల అంచును మళ్ళీ వెలుతురుకు పట్టి చూశాడు. ఈసారి కూలీ కోయలేదు.

మాస్టారుగారూ, మీ ప్రశ్న మా ఆయనకు చదివి వినిపించాను. అంట్లు వారం రోజులు తోమారు. తరువాత సోడా నీళ్ళ చేతులకు అంట్ల సబ్బు పడదట, నర్సమ్మగారే చెప్పారట. రబ్బరు తొడుగులు కొని తెచ్చాను, వేసుకుంటే పట్టు ఉడికిందో లేదో వేలికి తెలియదని తీసేస్తున్నారు. జాడించేటప్పుడు మాత్రం వేసుకుంటానని ఒప్పుకున్నారు. డాక్టరు దగ్గరికి పండగ తరువాత.

నర్సమ్మగారూ, ఇంకొక్కటి. గుంట మగ్గంలో రోజంతా కాళ్ళు మట్టిగోతిలోనే ఉంటాయి. మడమలు కూడా పగిలాయి. మాస్టారు చెప్పిన మైనం లేపనం వాటికి పెట్టుకోవచ్చా?

విశ్రాంత నర్సు:

పెట్టుకో, ముందు నానబెట్టి మట్టి పోయేలా కడుగు. కాళ్ళకు సాక్సులు తొడిగాకే మంచం దిగు, ఆ లేపనంతో గచ్చు మీద అడుగు వేస్తే జారి పడతావు. అంట్ల సంగతి నేను అలా చెప్పలేదని మీ ఆయనకు చెప్పు. తొడుగులు వేసుకొని తోమవచ్చు.